సున్నం కింద పద్యం

గెంగ్ షౌ తొట్టిలో సున్నం కలుపుతున్నాడు. రేవు పక్క సత్రం గోడల మీద బాటసారులు విరహపద్యాలు రాసిపోతారు. వానలకు ముందు వాటి మీద సున్నం పూసి, రాబోయేవారికి చోటు చేయడం అతడి పని. చదువు రాదు గనుక ఏ పద్యం మీదా అతడికి జాలి లేదు.

సత్రం వంటగదిలోంచి భార్య రువో వచ్చి నిలబడింది.

"ఏమయ్యా, ఆ కిటికీ పక్క గోడ ఒక్కటీ వదిలెయ్యరాదూ?"

కుంచె ఆగింది. రువోకూ అక్షరం ముక్క రాదు. మొన్న వసంతంలో ఒక పెద్దమనిషి ఆ గోడ మీద రాస్తూ పైకి చదివాడు. మద్యం కూజా పట్టుకుని ఆమె వింటూ నిలబడిపోయింది. ఆ రోజు గెంగ్ షౌ చూసి ఊరుకున్న సంగతి ఈ రోజు ముల్లై గుచ్చుకుంది.

సత్రం గుమాస్తా పాంగ్‌ను పిలిచి ఆ పద్యం చదివించుకున్నాడు. 'నువ్వు వెళ్ళాక నా నడికట్టు వదులైంది. ముడిని లోపలికి జరుపుకుంటున్నాను. వెన్నెల పడక దాకా వస్తుంది, నువ్వు రావు.'

"ఆడగొంతులా ఉందే అయ్యగారూ! ఎవర్తి చెబితే రాశాడు?"

పాంగ్ పగలబడి నవ్వాడు. "ఎవర్తీ లేదురా పిచ్చోడా! ఊడిన కొలువు కోసం ఏడుపది. అందులో వదిలిపోయిన మగడంటే చక్రవర్తి. పదవి పోతే చాలు, మన పెద్దమనుషులంతా ఆడవేషం కట్టేస్తారు!"

గెంగ్ షౌ నవ్వలేదు. రాసినవాడిది వేషమే కావచ్చు. విన్నదానిది? దొంగచూపుతో ఆమె నడుము చూశాడు. నడికట్టు కొస పొడుగ్గా వేలాడుతోంది.

గోడకు రెండు పూతలు పూశాడు. తడి ఉన్నంతసేపూ అక్షరాలు సున్నంలోంచి చూస్తూనే ఉన్నాయి.

"ఎవడి కోసమే ఇలా చిక్కిపోతున్నావు?"

రువో గోడ మీంచి చూపు తిప్పలేదు. "ఇన్నేళ్ళకి అడిగావు. అదీ, ఎవడని అడిగావు."

సాయంత్రం ఆమె మూట కట్టుకుని, అన్న ఉండే ఊరికి పోయే ఉప్పు పడవ ఎక్కింది. వెళ్ళేవారి చేతికి విల్లో కొమ్మ విరిచి ఇచ్చి, ఉండిపొమ్మని అడగడం ఆ రేవులో ఆనవాయితీ. పడవలో ఇంకెవడున్నాడోనని వెతకడంలోనే గెంగ్ షౌకు పొద్దు గడిచింది. చేయి కొమ్మ దాకా పోలేదు. పడవలో ముసలి సరంగు తప్ప ఎవరూ లేరు.

తిరిగి వచ్చేసరికి గోడ తెల్లగా ఆరిపోయింది. పొయ్యి పక్క మేకుకు, ఆ పెద్దమనిషి సత్రానికి రాకముందెన్నడో ఆమె కట్టడం మానేసిన పాత నడికట్టు వేలాడుతోంది. పెళ్ళయిన ఏడాది గెంగ్ షౌ చేతి సున్నం అంటిన మరక దగ్గర మొదటి ముడి నలిగిన గుర్తు. అక్కడి నుంచి లోలోపలికి, ఒకదాని వెనక ఒకటి, ముడులు జరిగిపోయిన గుర్తులు.