పూజలో పెట్టిన తుపాకీ

భీమశంకర్‌కి ఒక్కటే పిచ్చి. ఆ ఒక్కటే నలుగురికి సరిపోతుంది. అమెరికాలో నోవై అనే ఊళ్ళో కార్లకి విడిభాగాలు చేసే కంపెనీలో క్వాలిటీ ఇంజనీరు. పగలంతా బోల్టుల మీద నంబర్లు చూస్తాడు, ఇంటికొచ్చి పాతకాలపు పంప్ షాట్‌గన్‌ల మీద నంబర్లు చూస్తాడు. కాల్చే సరదా ఉందా అంటే అదీ లేదు మహానుభావుడికి. ఏ తుపాకీ ఏ ఏడు ఫ్యాక్టరీ గడప దాటిందో తేలాలి, అంతే. ఆ తుపాకులు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, రికార్డులూ కాలిపోయాయి. అందుకని తనలాంటి వాళ్ళందరి దగ్గరా నంబర్లు పోగేసి పెద్ద స్ప్రెడ్‌షీట్ తయారుచేశాడు.

ఆ షీట్‌లో ఒకచోట ఎర్రగీత ఉంది. తుపాకీ గొట్టం కింద ముందుకీ వెనక్కీ జరిగే కొయ్యపిడి ఉంటుంది. దాన్ని వెనక్కి లాగి ముందుకి తోస్తే తూటా లోపలికెళ్తుంది. గీత తర్వాత తయారైన వాటిలో, ఆపైన ట్రిగ్గర్ మళ్ళీ నొక్కితేనే పేలుతుంది. గీతకి ముందువాటిలో ఆ అడ్డు లేదు. ట్రిగ్గర్ నొక్కి ఉండగా పిడి ముందుకి జరిగిందా, పేలినట్టే. ఆ మార్పు సరిగ్గా ఏ నంబరు దగ్గర జరిగిందన్నదే మూడేళ్ళుగా భీమశంకర్ తపస్సు.

మొన్న శనివారం ఫ్లింట్ అనే ఊరి దగ్గర ఒకావిడ, పోయిన మామగారి సామాను అమ్ముతుంటే అలాంటి తుపాకీ ఒకటి దొరికింది. "ఖాళీదే" అందావిడ. ఇంటికొచ్చిన ఏ తుపాకీనైనా ముందు తెరిచి, లోపల వేలు పెట్టి చూడటం భీమశంకర్‌కి ఏళ్ళ నాటి అలవాటు. ఆఫీసు పనిలో పడి దాని మూట మాత్రం విప్పనే లేదు. మహర్నవమి పొద్దున వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పి బేస్‌మెంట్‌లో కూర్చుని, మూట విప్పుతూనే దాని పొట్ట మీద నంబరు భూతద్దంలో చూశాడు. గీతకి అటా ఇటా అని మూడు రోజులుగా కొట్టుకుంటున్న ప్రాణం. ముందుదే! 1923లోది! ఆ సంబరంలో అలవాటు కాస్తా గాలికి పోయింది.

అప్పుడే వాళ్ళమ్మ బాలమణి మెట్లు దిగి వచ్చింది. ఆరు నెలలు ఉండి వెళ్దామని తెనాలి నుంచి వచ్చిందావిడ.

"ఒరేయ్, ఇవాళ ఆయుధ పూజ. ఇంట్లో నిజం ఆయుధం పెట్టుకుని మిక్సీకీ కత్తెరకీ పూజ చేస్తే ఏం బావుంటుంది? ఇది తీసుకెళ్ళనా? ఖాళీదేనా?"

"ఖాళీదే అమ్మా, తీసుకెళ్ళు." తల కూడా ఎత్తలేదు మనవాడు.

అరగంట తర్వాత, నంబరు ఎక్కించడం అయ్యాక, అగరొత్తుల వాసనకి పైకొచ్చాడు. హాల్లో పీట మీద కారు తాళాలు, లాప్‌టాప్, మిక్సీ, కత్తెర, అన్నిటికీ బొట్లు. తుపాకీ మాత్రం అమ్మ ఒళ్ళో ఉంది. చక్కగా కొబ్బరినూనె రాసి నిగనిగలాడేట్టు తుడిచింది. తుడవడంలో కొయ్యపిడి పూర్తిగా వెనక్కి వచ్చేసింది. తెరుచుకున్న సందులో ఎర్రటి తూటా కనిపిస్తోంది.

భీమశంకర్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. అంతటితో అయిందా? బంతిపూల దండ జారిపోకుండా ఆవిడ పసుపుదారం ట్రిగ్గర్ చుట్టూ నాలుగు చుట్లు బిగించి కట్టింది. ట్రిగ్గర్ పూర్తిగా వెనక్కి నొక్కుకుని ఉంది. గొట్టం కొన రెండు బారల దూరంలో కూర్చుని ఒత్తులు వేస్తున్న అతని భార్య రాధారాణి వైపు తిరిగి, కాస్త కిందకి వాలి ఉంది. నూనె రాసిన పిడి జారకుండా ఆపుతున్నది అమ్మ చెయ్యి ఒక్కటే.

పొద్దున ఇది పాతరకం కావాలని మొక్కుకున్నవాడు, ఇప్పుడు తన లెక్క తప్పు కావాలని వందసార్లు మొక్కుకున్నాడు. అరిస్తే అమ్మ ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే చెయ్యి వదిలేస్తుంది.

"అమ్మా, ఆ చెయ్యి అలాగే ఉంచు" అన్నాడు మెల్లగా.

"బొట్టు పెట్టి, దీన్ని యథాస్థానానికి తోసేస్తా ఉండు."

"తొయ్యొద్దు. రాధా, నువ్వు లేచి అమ్మ వెనక్కి రా."

"దీపం వెలిగించనీ భీమ్. ఒక్క నిమిషం."

"దీపం తర్వాత. లే."

పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆ గొంతు రాధ వినలేదు. మొహం చిన్నబుచ్చుకుని అలాగే కూర్చుంది.

"పండగ పూట దాన్నెందుకురా కసురుతావు?" అంటూ బాలమణి కొడుకు వైపు తిరిగింది. పిడి అంగుళం ముందుకి జరిగింది.

భీమశంకర్ మోకాళ్ళ మీద పడి, అమ్మ చేతి మీద చెయ్యి వేసి బిగించి పట్టుకున్నాడు. వేళ్ళు నూనెకి జారుతున్నాయి. రెండో చేత్తో గొట్టాన్ని అంగుళం అంగుళంగా ఇటుకల ఫైర్‌ప్లేస్ వైపు తిప్పాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. ఇక దారం తెంపడానికి మూడో చెయ్యి లేదు.

"రాధా, ఆ కత్తెర తీసుకుని ఈ దారం కత్తిరించు."

"అయ్యో, పూజలో పెట్టిన కత్తెర ఇవాళ ముట్టుకోకూడదు" అంది బాలమణి.

రాధ అత్తగారి వంక చూసింది, భర్త బిగించి పట్టుకున్న చేతుల వంక చూసింది, సందులో ఎర్రగా ఉన్నదాని వంక చూసింది. కత్తెర తీసింది. ఒక చుట్టు, రెండు, మూడు. నాలుగోది తెగేసరికి పూలన్నీ కార్పెట్ మీద రాలాయి. ట్రిగ్గర్ టక్కున ముందుకొచ్చింది.

భీమశంకర్ తూటా బయటికి తీశాడు. గొట్టం కింద తూటాలుండే చిన్న గొట్టంలో ఇంకో రెండున్నాయి. వాటినీ తీసి, వేలు పెట్టి చూశాడు. పొద్దున చూడాల్సింది అప్పుడు చూశాడు.

రాధ మూడు తూటాలూ ఏరి అతని అరచేతిలో పోసింది.

"వీటి మీదా నంబర్లుంటాయేమో చూడు. నీ షీట్‌లో రాసుకుందువు గానీ" అని లోపలికి వెళ్ళిపోయింది.

బాలమణికి అప్పటికి గానీ విషయం బుర్రకెక్కలేదు. కుంకుమ అంటిన వేళ్ళు చీరకి తుడుచుకోబోయి ఆగిపోయింది. కోడలు కూర్చున్న చోటు చూసింది. ఒత్తులు అక్కడే పడి ఉన్నాయి.

"ఖాళీదేనా అని నిన్ను అడిగాను కదరా" అంది.

భీమశంకర్ తల ఎత్తలేదు.