బేతంచెర్ల మీదుగా మంచుకొండకు

పత్తికొండలో పురుగుమందుల అంగడి నడిపే ఓబుళేశుకు, కాయతొలిచే పురుగు పుణ్యమా అని కశ్మీరు టూరు వచ్చింది. ఆ ఏడు టమాట తోటలన్నిటా పురుగు పడింది. రైతులు మందుకోసం ఎగబడ్డారు. చుట్టుపక్కల అందరికన్నా ఎక్కువ డబ్బాలు అమ్మింది ఓబుళేశే. ఇందులో తన గొప్ప ఏమీ లేదని ఆయనకు తెలుసు. అయినా శివరాత్రి దాటగానే కంపెనీ కుర్రాడు చైతన్య ఒక పూలదండ, రంగుల పోస్టరు పట్టుకుని అంగడికి వచ్చేశాడు.

పోస్టరులో తెల్లటి కొండ. దాని మీదనుంచి రెండు సన్నటి పలకల మీద నిలబడి జారివస్తున్న మనిషి.

"దంపతులిద్దరికీ సార్, ఉగాది వారంలో. మంచుకొండ మీద స్కీయింగ్ కూడా ఉంటుంది," అన్నాడు చైతన్య.

"అంటే?"

"తీగల బండిలో పైకి తీసుకుపోతారు. ఈ పలకలు కాళ్లకు కట్టుకుని కిందికి జారాలి."

"ఎక్కించినోళ్లు దించరా?"

"దించుతారు సార్. కానీ సరదాకి అందరూ జారే వస్తారు."

"దిగేదానికి దావ లేదా ఆడ?"

"ఉంది సార్."

"మల్ల?"

గెలిచిన డీలర్లందరూ కంపెనీ టోపీ పెట్టుకుని జారుతుంటే వీడియో తీయాలని ఎండీగారి కోరికట. చైతన్య ఆ మాట చెప్పి, దండ వేసి, ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు.

భార్య హంపమ్మ వద్దంటుందని ఓబుళేశు ఆశపడ్డాడు. ఆమె మంత్రాలయం దాటి పోయిన మనిషి కాదు. బస్సు ఘాటెక్కితే కళ్లు మూసుకుంటుంది. ఆమె పోస్టరును అటూ ఇటూ తిప్పి చూసి, "పోదాం," అంది.

"కాలిరిగితే?"

"అదే నేనూ ఆలోచన చేస్తాండా. ఇరిగేదేందో ఈడే ఇరగల్ల. ఈడైతే కట్టు కట్టేటోడు తెలిసినోడు. ఆడ మనకెవురుండారు?"

కాలు ముందే విరగ్గొట్టుకుని పోవాలనే ఈ ఆలోచనలో ఎక్కడో తప్పుందని ఓబుళేశుకు తోచింది గాని, అది ఎక్కడో పట్టుకోలేకపోయాడు.

హంపమ్మ తమ్ముడు ఆంజనేయకు బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. బండలు కోసి నునుపు చేయగా మిగిలిన పొడిని ఏళ్ల తరబడి వెనక పోసి పోసి, మేడంత ఎత్తున తెల్లటి గుట్ట తయారైంది. పోస్టరులోని కొండకు తోబుట్టువులా ఉంటుంది. వడ్రంగి ఈరేష్ ఆ పోస్టరే చూసి వేపకర్రతో పలకలు చేశాడు. మొనలు పైకెందుకు తిరిగాయో అతనికి అర్థం కాలేదు. ఏదో కారణం ఉండకపోదులే అని తనూ తిప్పాడు. కాళ్లకు కట్టుకోవడానికి పాత మోపెడ్ ట్యూబు ముక్కలు కొట్టాడు.

ఆదివారం మొగుడూ పెళ్లాలు స్వెట్టర్లు, మంకీక్యాపులు, చేతులకు ఉన్ని తొడుగులతో గుట్ట దగ్గరికి చేరారు. "ఆడ ఏసుకునేటివే ఈడా ఏసుకోవల్ల. లేకుంటే అలవాటు కాదు," అని హంపమ్మ ఆజ్ఞ. ఎండ అప్పటికే మాడుస్తోంది. కట్టు కట్టే నారాయణను ముందే పిలిపించి, వెదురుబద్దలు, కోడిగుడ్లతో సహా నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పనివాళ్లు యంత్రాలు ఆపేసి వచ్చారు.

ఓబుళేశు గుట్ట మీదినుంచి కిందికి చూశాడు. నీళ్ల ట్యాంకరు, దాని నీడలో గొర్రెలు. ఆయన్ని ఎవరూ తొయ్యలేదు. పలకలే కదిలాయి. సగం దూరం వచ్చాక ఎడమకాలి పలక వేరే దారి పట్టింది. ఓబుళేశు దానివెంట పోయి, దొర్లుకుంటూ వచ్చి ట్యాంకరు చక్రం దగ్గర ఆగాడు. గొర్రెలు లేవను కూడా లేవలేదు. నారాయణ వచ్చి రెండు కాళ్లూ తడిమి, "యాడా ఇరగలేదు," అన్నాడు కొంచెం నిరాశగా.

అప్పుడు హంపమ్మ కుచ్చిళ్లు ఎగదోపి పైకెక్కింది. సంతలో వంకాయల్ని చూసినట్టు వాలును ఒకసారి చూసి, ముందుకు వంగి, నేరుగా వచ్చి నారాయణ కుర్చీ ముందర నిలబడింది.

"ఎట్లొచ్చినావు మే?" అన్నాడు ఓబుళేశు నోట్లో పొడి ఉమ్ముతూ.

"వంగినా. అదే వచ్చింది," అని మళ్లీ ఎక్కింది.

మరుసటి ఆదివారానికి ఈ సంగతి ఊరంతా పాకింది. బనగానపల్లె నుంచి కూడా ఆటోల్లో దిగారు. స్వెట్టరు లేనిదే జారకూడదని ఎవరు చెప్పారో గాని, ముసలీ ముతకా అందరూ స్వెట్టర్లతోనే వచ్చారు. ఆ తర్వాతి వారం పోలీసు జీపు వచ్చింది.

"ఏం జరుగుతాండాది ఈడ?" అన్నాడు ఎస్సై.

"కశ్మీరు టూరుకు పోతాండాం సార్," అన్నాడు ఓబుళేశు.

"ఇంతమందా?"

"లేదు సార్. మేమిద్దరమే."

ఎస్సై చెమటలు కారుతున్న ఆ జనాన్ని కాసేపు చూశాడు. టోపీ తీసి డ్రైవరు చేతికిచ్చి, తనూ ఒకసారి జారి, జీపెక్కి వెళ్లిపోయాడు.

ఉగాది దగ్గరపడ్డాక చైతన్య మొహం వేలాడేసుకుని ఇంటికి వచ్చాడు.

"ఎండలు ముందే వచ్చి అక్కడ మంచు కరిగిపోయింది సార్. గుట్ట మీద మేడమ్ జారే వీడియోలు ఎవరో పంపితే ఎండీగారు చూశారు. నాసిక్ డీలర్లను, లూధియానా డీలర్లను అందర్నీ బేతంచెర్లకే తెద్దామంటున్నారు."

ఓబుళేశుకు గుండెల మీదనుంచి బండ దించినట్టయింది. ఆ సంతోషంతోనే వెనక్కి తిరిగాడు. హంపమ్మ స్వెట్టర్లు మడతపెట్టి, కలరా ఉండలు వేసి బీరువాలో సర్దుతోంది. ఆమె తిడితే తట్టుకోవడం ఆయనకు అలవాటే. ఇలా ఊరుకుంటే ఏం చేయాలో ఎప్పుడూ నేర్చుకోలేదు.

బండి స్టార్ట్ చేస్తున్న చైతన్యను గేటు దగ్గర ఆపాడు. "ఈడికెవురూ రావద్దు. రాతిపొడి కోసరం ఆమె ఇంత కష్టపడలేదప్పా. మంచు ఎప్పుడు పడితే అప్పుడే మమ్మల్ని పంపు. లేదంటే మీ మందు నా అంగట్లో ఉండదు."

ఆ మాటలు తన నోటినుంచే వచ్చాయంటే ఓబుళేశుకే నమ్మబుద్ధి కాలేదు.

జనవరిలో నిజంగానే పోయారు. హంపమ్మ మంచులో అడుగు పెడితే చీలమండ దాకా దిగబడింది. పిడికెడు తీసి చూస్తే చేతిలోనే నీళ్లయింది.

"ఇది తడి గదయ్యా," అంది. "ఇంత తడని ఎవురూ చెప్పలేదే."

పలకలు కట్టుకోకుండా పక్కన పెట్టేసి, టీ అంగట్లో కుంపటి పక్కన కూర్చుంది. ఆ అంగడామె కశ్మీరీలో, ఈమె తెలుగులో, చాలాసేపు మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు.

ఓబుళేశు కంపెనీ టోపీ పెట్టుకుని, దేవుడికి దండం పెట్టుకుని కదిలాడు. నాలుగడుగులు పోకుండానే పడ్డాడు. నొప్పికోసం కళ్లు మూసుకుని ఎదురుచూశాడు. రాలేదు. పత్తిమూట మీద పడినట్టుంది. లేచి, ఇంకొంచెం పోయి మళ్లీ పడ్డాడు. ఈసారి పడ్డచోటే పడుకుని నవ్వడం మొదలుపెట్టాడు. జారడం నేర్పేవాడు భయపడి పరుగెత్తుకొచ్చాడు.

సాయంత్రమైంది. హంపమ్మ శాలువా కప్పుకుని బయటికి వచ్చి, "పొద్దు గూకతాండాది, ఇంక రావయ్యా," అని కేకేసింది.

"ఇంకొక్క తూరి మే," అన్నాడు ఓబుళేశు, ఒళ్లంతా తెల్లగా, టోపీ ఎక్కడో పోగొట్టుకుని, మళ్లీ పైకి ఎక్కుతూ.