రాయి కింద కర్ర

చల్లగా ఉంది రాయి. నల్లగా, నున్నగా... పాదం పెడితే వేళ్ళు ముడుచుకునేంత చల్లగా.

వంటింటి గట్టు వేయగా మిగిలిన గ్రానైట్ పలక అది. అమెరికాలో, క్యారీ ఊళ్ళోని తమ ఇంటి హాల్లో, మెరిసే చెక్క నేల మీద, హర్షవర్ధన్ దాన్ని పరిచాడు. దాని మీద ఇనుప కట్టెల స్టవ్ నిలబెట్టాడు. పొగ గొట్టం బిగించాడు. చేతులు దులుపుకున్నాడు.

పోయిన జనవరిలో మంచువాన కురిసి మూడు రోజులు కరెంటు లేదు. రెండేళ్ళ కూతురు తన్వి పెదాలు నీలమయ్యాయి. అందుకే స్టవ్.

స్టవ్ కావాలని అతని భార్య రాధారాణే అంది. కింద ఉత్త రాయి చాలదని కూడా ఆమే అంది.

రెండో మాట ఆ మహానుభావుడి చెవిన పడలేదు.

"మాన్యువల్ చదివావా, హర్షా? రాయి హీట్‌ని కిందికి పంపిస్తుందట. మధ్యలో ఇన్సులేషన్ బోర్డ్ వేయాలట. సిటీ వాళ్ళని ఇన్‌స్పెక్షన్‌కి పిలుద్దాం."

"రాయి కాలుద్దా ఎక్కడన్నా? మా నాయనమ్మ నేల మీదే పొయ్యి పెట్టి జీవితమంతా వండింది."

"ఆమెది మట్టి నేల. మనది కర్ర."

"నేల నేలే!"

నేల నేలే — అక్కడ మాటలు ఆగిపోయాయి. వారం రోజులు.

ఆదివారం ఉదయం అతను స్టవ్ వెలిగించాడు. ఆమెను అడగలేదు. ఆమె కళ్ళలోకి చూస్తూ వెలిగించాడు.

కట్టెలు చిటపటలాడాయి. తన్వి చప్పట్లు కొట్టింది. ఆ వెచ్చదనం రాధారాణికీ హాయిగానే ఉంది — అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

వెలిగించిన మూడు గంటలకు ఆమె టార్చ్ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. చిన్న తలుపు తీసి, చెక్క నేల కింద ఖాళీగా ఉండే ఇంటి అడుగుకు దూరింది. నిలబడడానికి వీల్లేని చోటు. బూజు. తడి మట్టి వాసన. మోచేతుల కింద అసలు నేల. తలపైన, తాము నేల అనుకుంటున్న కర్ర.

స్టవ్ ఉన్న చోట అరచేయి పైకెత్తి ఆనించింది.

జ్వరమొచ్చిన బిడ్డ నుదురులా కాలుతోంది.

"హర్షా! ఇక్కడ కర్ర కాలిపోతోంది! వచ్చి ముట్టుకుని చూడు!"

పైన అడుగులు ఆగాయి. విన్నాడు. స్టవ్ తలుపు కిర్రుమంది... ఇంకో కట్టె పడిన చప్పుడు.

అతనంటే అసహ్యం వేసింది. పెళ్ళయిన ఆరేళ్ళలో మొదటిసారి, నిజంగా.

పైకి వచ్చింది. తన్విని కోటులో చుట్టి ఎత్తుకుంది.

"ఆర్పుతావా? నైన్ వన్ వన్‌కి కాల్ చేసి ఫైరింజన్‌ని పిలవనా?"

"చేసుకో. ఊరందరినీ పిలుచుకో. నా పని మీద నీకెప్పుడు నమ్మకముంది?"

ఇంటి ముందు డ్రైవ్‌వేలో, కార్లో కూర్చుంది. ఒళ్ళో బిడ్డ. చేతిలో ఫోన్. తొమ్మిది, ఒకటి, ఒకటి... ఇక పచ్చ బటన్ మిగిలింది.

హాలు కిటికీలోంచి అతను కనిపించాడు. స్టవ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని వంగుతున్నాడు. కట్టె వేయడానికో, నేలకు చేయి ఆనించి చూడడానికో — ఇక్కడి నుంచి తెలియలేదు.

తెలిసేదాకా ఆమె ఆగలేదు.

వేలి కింద ఫోన్ అద్దం చల్లగా ఉంది. నొక్కింది.