బాలవ్వ నులక మంచం

దొర వీధిలోంచి పోతుంటే వాకిట్లో మంచం వాల్చి ఉండకూడదు. అది ఆ ఊరి కట్టడి. దొర ఎక్కే కచ్చడం బండి ఎద్దుల గంటలు వినపడగానే కూర్చున్నవాళ్లు లేచి, మంచాన్ని గోడకు నిలబెట్టి, దాని పక్కన తామూ నిలబడాలి. బాలింతలకు కూడా మినహాయింపు లేదు. బాలవ్వ కొడుకును కని, పురుటి స్నానమైనా కాకముందే ఒకసారి అట్లా లేచింది. పసివాడి నోట్లోంచి రొమ్ము జారి వాడు గుక్కపట్టి ఏడ్చాడు. బండిలోంచి దొర ఇటు తిరిగి కూడా చూడలేదు.

పోలీసు యాక్షన్ జరిగిన ఏడు దొర పట్నం వెళ్లిపోయాడు. వెట్టి చాకిరీ పోయింది. ఇక మంచిరోజులే అన్నారు గనక ఎవరికి కావలసింది వాళ్లు చూసుకున్నారు. కొమురెల్లి తను దున్నే చెలకను తన పేరున రాయించుకున్నాడు. సారయ్య కొత్త చెప్పులు కొని, దొర ఉండిన గడి ముందునుంచి టకటకా నడిచాడు. చెప్పు కరిచింది. మర్నాటినుంచి గడి దగ్గరికి రాగానే, పాత రోజుల్లోలాగే, వాటిని చేతిలో పట్టుకుని నడిచేవాడు.

బాలవ్వకు చెలక వద్దు, చెప్పులు వద్దు. దొర వస్తుంటే తను మంచం మీద కూర్చుని ఉండాలి, దాన్ని దొర చూడాలి. తక్కినవాళ్ల కోరికలకు దొర లేకపోవడమే కలిసొచ్చింది. ఈమె కోరికకు మాత్రం దొర ఉండాలి.

అందుకని ఆయన తిరిగి రావాలని కొండగట్టు ఆంజనేయస్వామికి మొక్కుకుంది. ఊరు మొత్తంలో అట్లా మొక్కుకున్న మనిషి ఆమె ఒక్కతే. ఆ సంగతి గడి గుమాస్తా లింగమూర్తి చెవిన పడింది. "విశ్వాసమంటె గట్లుండాలె," అని కళ్లు తుడుచుకున్నాడు.

నిజాం రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఇంటికి కోడలు రాజక్క వచ్చింది. మంచానికి కొత్త నులక వచ్చింది. దొర రాలేదు. పని తీరగానే బాలవ్వ వాకిట్లో మంచం వాల్చుకుని దారి చూస్తూ కూర్చునేది.

"అత్తా, జర అంబలన్న తాగుదువు రా. దొర అచ్చేదాక పాణం ఉండాలె గద," అనేది రాజక్క.

"నా పాణం గట్టిదేనే. ఆయనే ముందు పోతడేమోనని నా ఫికరు."

ఒక ఎండాకాలం గడి అమ్మకానికి పెట్టారని, ఆ పని మీద దొర వస్తున్నాడని లింగమూర్తి చెప్పాడు. బాలవ్వ తలకు పోసుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. మంచాన్ని వాకిలి నడుమకు జరిపి ఎక్కి కూర్చుంది. కాళ్లు కూడా పైనే పెట్టుకుంది.

కచ్చడం రాలేదు. పెద్దపల్లి బస్సు దిగిన ఒక ముసలాయన కర్ర పట్టుకుని, గోడల నీడ వెతుక్కుంటూ నడిచి వచ్చాడు. వెనక లింగమూర్తి సంచి మోస్తున్నాడు.

బాలవ్వ మోకాళ్లు వాటంతటవే లేవబోయాయి. రెండు చేతులతో వాటిని అదిమి పట్టుకుంది.

దొర సరిగ్గా మంచం ముందుకు వచ్చి ఆగాడు.

"లింగమూర్తీ, గీడ ఎవలో ఉన్నట్టున్నరు?"

"మన బాలవ్వ, దొరా." లెమ్మని బాలవ్వకు కళ్లతో సైగ చేశాడు లింగమూర్తి.

"కండ్లకు పొరలచ్చినయి. అంత మసక మసకనే," అన్నాడు దొర.

ఇన్నేళ్లు కాచుకుని కూర్చుంటే తీరా తను కూర్చోవడం దొరకు కనబడటం లేదు. దాన్నట్లా ఊరికే పోనివ్వడానికి బాలవ్వకు మనసొప్పలేదు.

"దొరా, నేను కూసున్న," అంది గట్టిగా. "మంచం మీదనే కూసున్న. నువ్వచ్చినా లేవలే."

చాటలో బియ్యం చెరుగుతున్న రాజక్క చెయ్యి ఆగిపోయింది.

దొర నిదానంగా తల ఊపాడు. "కూసో అవ్వా, కూసో. నేను చెప్తున్న గద, సుకంగ కూసో."

బాలవ్వ లేచి నిలబడింది.

దొర కర్ర తాటించుకుంటూ ముందుకు సాగాడు. లింగమూర్తి వెనక్కి తిరిగి ఆమెను చూసి మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు.

రాజక్క చాట పక్కన పెట్టి వచ్చింది. "గిదేందత్తా! ఇన్నేండ్లు గీ దినం కోసమే సూత్తివి. తీర జూత్తె లేసి నిలవడ్తివి?"

"ఆయన కూసోమన్నడే," అంది బాలవ్వ. "ఆయన చెప్తె నేనెట్ల కూసుంట?"

దొర సందు మలుపు తిరిగేదాకా నిలబడే ఉంది. ఆ తర్వాత మంచం మీద కూర్చుని అంబలి తెమ్మంది.