వడియాల పక్కన ఆరిన చక్రాలు

గంగబాబుకి పారేయడం అనే విద్య ఒక్కటే దేవుడు నేర్పలేదు. ఊచలు విరిగిన గొడుగూ, ముల్లు ఊడిన గడియారమూ "పనికొస్తాయే తులసీ" అంటూ అటకెక్కిపోతాయి. ఈ లెక్కన తనకీ ఢోకా లేదని భార్య లక్ష్మీతులసి ధీమా.

మొన్నటి వరద నీళ్ళు వాళ్ళ ఇంటిముందు వెల్డింగు షెడ్డులో దూరి, గరుకుపొడిని జిగురుతో అతికించి చేసిన, ఇనుము కోసే చక్రాల పెట్టె నానిపోయింది. అతను పారేస్తాడా? మేడమీద గుమ్మడి వడియాల పక్కనే ఆరబెట్టించేడు.

"తడిసిన వడియం మళ్ళీ ఎండబెట్టినా పిండైపోద్దండీ. ఇవి మటుకు గట్టిగా ఉంటాయా?"

"నీ వంటింటి సైన్సు నా షెడ్డులోకి తేకు."

ఇవాళ గేటు పని. ఆరిన చక్రాల్లో ఒకటి కోత మిషనుకి బిగించి, ముందు అల్యూమినియం పట్టీ కోసేడు. మెత్తటి లోహం కరిగి చక్రం అంచుకి అంటుకుపోయింది. అదే చక్రాన్ని ఇనపగొట్టం మీద పెట్టేడు. చక్రానికి అడ్డుండే గార్డు, మూలల్లోకి పోనివ్వట్లేదని ఎప్పుడో విప్పేసేడు.

వంటింట్లో తులసి చెయ్యి ఆగిపోయింది. రోజూ వినే గోల కాదది. మధ్యమధ్యలో ఏదో తడబడుతోంది, చలిజ్వరంలో పళ్ళు కొట్టుకున్నట్టు. పరుగున వచ్చింది. నిప్పురవ్వలు వరసగా అరుగు మీదికి ఎగురుతున్నాయి. సరిగ్గా ఆ వరసలో, ప్లాస్టిక్ కుర్చీలో, అత్తగారు అప్పలమ్మ గోంగూర ఒలుస్తోంది.

"ఏవండీ, ఆపండి!"

ఆ హోరులో వినపడలేదు. స్విచ్చు దగ్గరికెళ్ళాలంటే ఆ రవ్వలకి ఎదురెళ్ళాలి.

"అత్తయ్యా, లోపలికి రండి!"

"గాలి ఇక్కడే బాగుంది. నా కొడుకు చెయ్యి నాకు తెల్దా?"

తులసి ఇంకో కేక వేసింది. "కువైట్ నుంచి దుర్గాశ్రీ వీడియో కాల్ అండీ! కట్టయిపోద్ది!"

మోకాళ్ళు లేవనివ్వట్లేదని పొద్దున్నే మూలిగిన ఆవిడ, కూతురి పేరు వినగానే గోంగూర ఒలకబోసి మరీ లేచింది. గడప దాటింది.

ఠాప్‌మని పేలింది. మిషను ఆగిపోయింది.

తులసి కళ్ళు మూసేసుకుంది. తెరిస్తే ఏం చూడాలో.

"ఏవండీ."

 

"ఆయ్... ఉన్నాను."

కళ్ళు తెరిచింది. అతని చేతిలో మిషనుంది, దానికి చక్రం లేదు. అతను కుర్చీకేసి చూస్తున్నాడు. వీపు ఆనే చోట చీలిపోయి, నల్లటి ముక్కొకటి దిగబడి ఉంది.

అప్పలమ్మ గొణుక్కుంటూ వచ్చేసింది. "ఫోనూ లేదు గీనూ లేదు. ఒరే, నీ పెళ్ళాం అబద్ధాలకోరురా!"

అలవాటుగా కుర్చీలో కూలబడబోయింది. గంగబాబు గబుక్కున వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్నేం అనకమ్మా," అన్నాడు. "అవి పారేయాల్సింది. తప్పు నాదే."