ఎల్బాకు రెండు ఇంటిపేర్లు

నోరా తలలో చిక్కు దగ్గర దువ్వెన ఆగింది. పిల్ల మూలగకముందే, తనని చూసుకునే ఎల్బా ఆ జుట్టు మొదలు గుప్పిట్లో పట్టుకుని, కొస నుంచి మెల్లగా విడదీసింది. ఇంకా తెల్లవారలేదు. పిల్ల తల్లి డార్లీన్ బస్సు తీయడానికి అప్పుడే డిపోకి వెళ్లిపోయింది. కిటికీ కింద కాలువ గడ్డకట్టి ఉంది. దాని అవతల, మూతపడ్డ కాగితపు మిల్లు.

ఎల్బా పొట్టి మనిషి. మోకాళ్లు ఎప్పుడూ వాచే ఉంటాయి, లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకోవాలి. అరచేతులు మాత్రం వెడల్పు. నిద్రపోయే పిల్లని ఒంటిచేత్తో ఎత్తి భుజాన వేసుకోగలదు. ప్యూర్టోరికో దీవి నుంచి ఈ హోల్యోక్ ఊరికి వచ్చాక ఆ చేతుల్లో ఎంతమంది పిల్లలు పెరిగారో! వాళ్ల తల్లులందరూ మంచివాళ్లే. క్రిస్మస్‌కి కోటు కొనిపెట్టినవాళ్లే. జీతం మాత్రం మడిచిన నోట్లుగా చేతిలో పెట్టారు. ఆ డబ్బు ఏ లెక్కలోనూ లేదు కాబట్టి, ప్రభుత్వం దృష్టిలో ఎల్బా అన్నేళ్లూ కాళ్లు చాపుకుని కూర్చుంది.

డార్లీన్ ఒక్కతే వేరు. పనికి చేరిన మొదటిరోజే పింఛను కార్డు అడిగి తీసుకుని నకలు తీయించింది. ప్రతి శుక్రవారం చెక్కుతో పాటు ఒక చీటీ ఇచ్చేది. జీతం ఎంత, పింఛను పన్నుకి కోత ఎంత, దానికి తాను కలిపింది ఎంత, అన్నీ రాసి ఉండేవి. కింద ఇద్దరూ సంతకాలు చేసేవారు. ఎల్బా చెల్లెలు మిగ్దాలియాకి ఇదంతా నవ్వులాట. బస్సు నడిపేదానికి కూడా ఇంత దర్జానా, నోట్లు పుచ్చుకోక ఆ కోతలేమిటే పిచ్చిదానా అనేది. ముసలితనంలో నోట్లు ఎవరిస్తారే అని ఎల్బా జవాబు.

ఏటా జనవరిలో డార్లీన్ ఏడాది లెక్క కాగితం కూడా ఇచ్చేది. దాని మీద ‘ఎల్బా మాతోస్’ అని ఉండేది. అచ్చులో అమ్మ ఇంటిపేరు చూసుకుని ఎల్బా మురిసిపోయేది తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

బుధవారం పింఛను ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. డార్లీన్ ఇంట్లో పనిచేసిన ఏళ్లన్నిటికీ ఎదురుగా ఖాళీ. ఎప్పుడో కాగితపు మిల్లులో చేసిన కొద్ది ఏళ్లూ చాలవు కాబట్టి పింఛనుకు అర్హత లేదన్నారు. మరి కోసిన డబ్బంతా ఎటు పోయినట్టు? ఆ ఉత్తరం ఏప్రన్ జేబులో పెట్టుకునే ఎల్బా ఈ శుక్రవారం కూడా కొత్తిమీర, వెల్లుల్లి నూరి, పచ్చి కందులు వేసి అన్నం వండింది. పిల్లకి తినిపించి, పక్కన పడుకోబెట్టి వీపు నిమిరింది. పింఛను రాకపోతే ఈ మోకాళ్లతో ఇంకా ఎన్ని వంటిళ్లలో నిలబడాలో!

సాయంత్రం డార్లీన్ వచ్చి, బూట్లు విప్పి, చీటీ రాయడానికి కూర్చుంది. ఎల్బా ఆమె ముందు ఉత్తరం పెట్టింది.

డార్లీన్ రెండుసార్లు చదివింది. మెడ ఎర్రబడింది. లేచి అలమర మీది అట్టపెట్టె దింపింది. ప్రతి చీటీ నకలు, ప్రతి చెక్కు, ఏటేటి కాగితాలు, అన్నీ అందులో ఉన్నాయి. అడుగున ఉన్న కార్డు నకలు తీసి చీటీ పక్కన పెట్టింది. చీటీ మీద ‘ఎల్బా మాతోస్’, కార్డు మీద ‘ఎల్బా నీవెస్ మాతోస్’ అని ఉంది.

“నీవెస్ అంటే మీ మధ్య పేరు కాదా?”

“అది మా నాన్న ఇంటిపేరు. చివరిది అమ్మది. మా వాళ్లందరికీ అంతే కదా, అమ్మాయ్.”

“నేను చివరిదే ఇంటిపేరనుకున్నాను.”

కట్టిందంతా కట్టినట్టే ఉంది, లోకంలో లేని ఎల్బా మాతోస్ పేరున. డార్లీన్ చీటీ పక్కకి తోసింది.

“రెండు రోజుల నుంచీ నన్ను దొంగ అనుకుంటున్నారా?”

“అనుకున్నాను,” అంది ఎల్బా. “అయినా పిల్లకి జడ వేశాను.”

డార్లీన్ నవ్వబోయింది, కళ్లు తుడుచుకుంది. పొద్దంతా బస్సు నడిపి వచ్చిన మనిషి, అన్నం కూడా తినకుండా ఒక్కో ఏడాదికి దిద్దుబాటు పత్రం రాయడం మొదలుపెట్టింది. ఇలాంటి మనిషికి చేతులెత్తి దండం పెట్టాలి. ఆ పెట్టెలో కాగితాలే లేకపోతే ఎల్బా చాకిరీకి సాక్ష్యం ఏముంది?

కాలువ గట్టున చెట్లు చిగిర్చాక రెండో ఉత్తరం వచ్చింది. పింఛను మంజూరైంది. నోరా బడికెళ్లే ఈడుకు వచ్చింది. ఎల్బా పని మానేస్తానంది. డార్లీన్ ఉండమని అడగలేదు, అడిగితే ఉండిపోతుందని తెలుసు.

ఆఖరి శుక్రవారం ఎల్బా చీటీ మీది పేరు మొత్తం పైకి చదివి, సంతకం చేసింది. నిద్రలో ఉన్న నోరా నుదుట ముద్దు పెట్టి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయింది.

డార్లీన్ గిన్నెలు కడగడానికి వంటింట్లోకి వచ్చింది. పొయ్యి పక్కన మేకుకి, ఎల్బా రోజూ కాఫీ వడపోసే గుడ్డ సంచి ఇంకా తడిగా వేలాడుతోంది.