వెనక అంచు

పిడుగు వాళ్ళమ్మకి పళ్ళన్నీ పోయాక తిండి గురించి పెద్ద బెంగ కలగలేదు. మెత్తగా వండుకుంటే ఏదైనా గొంతు దిగుతుంది. బెంగంతా ఫోను దగ్గర మొదలైంది.

ఎదురుగా ఉన్నవాళ్ళకి ఆమె మాట బాగానే అర్థమయ్యేది. నాలుక తడబడినా కళ్ళున్నాయి, చేతులున్నాయి, మాటకొకసారి గుండెమీద చెయ్యి వేసుకోవడం ఉంది. ఫోనులో అవేవీ వినిపించవు కదా. బస్సు నడిపే కూతురు ఏ డిపోలోనో నిలబడి, చుట్టూ ఇంజన్ల రొదలో, "అమ్మా, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నాన్నకియ్యి" అనేది. ఫోను నాన్న చేతికి వెళ్ళేది. ఆయన తాళాలు బాగుచేసే మనిషి. తల్లి ఆయన పక్కనే నిలబడి టైర్లలో గాలి, వానలో బ్రేకులు, నిద్రమత్తు, ఎదురొచ్చే లారీలు, ఖాళీ కడుపు, అన్నీ వరసపెట్టి చెప్పేది. ఆయన తలూపుతూ అంతా విని, ఫోనులోకి, "అమ్మ జాగ్రత్తగా ఉండమంటోందే" అని పెట్టేసేవాడు.

"అంతేనా? ఇంతసేపూ నేను చెప్పింది అంతేనా?"

"సారాంశం అదేగా."

"సారాంశం మీ మొహం! బ్రేకుల సంగతేదీ?"

నడక వచ్చీరాగానే గడప దాటి రోడ్డుమీదికి పరుగెత్తిందని ఇరుగుపొరుగు ఆ పిల్లకి పిడుగని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది. పిడుగు పెద్దదై స్టీరింగు పట్టింది. తల్లి ప్రాణం మాత్రం ఆ రోజునుంచీ గడపలోనే నిలబడి ఉంది.

ఇప్పుడు పిడుగుకి కొండదారి డ్యూటీ వేశారు. వచ్చే నెలనుంచి రోజూ తెల్లవారుతూనే బండి తియ్యాలి. ఆ వేళకి తాళాలాయన ఇంట్లో ఉండడు. మార్కెట్టులో షట్టర్లు తెరిచే సమయం అది. రోజూ ఏదో ఒక షట్టరు మొరాయిస్తుంది, ఆయన అక్కడ ఉండి తీరాలి. అంటే పిడుగు బండెక్కేముందు ఫోను చేస్తే ఎత్తేది తల్లే. ఎత్తి ఏం లాభం? బుసబుసమని గాలి తప్ప మాట వెళ్ళదు.

"పళ్ళు కట్టించుకుంటాను" అంది ఒకరోజు, కూర కలుపుతూ.

తాళాలాయన పొలమారాడు. పళ్ళ డాక్టరు పేరెత్తితేనే వణికే మనిషి ఆమె. ఉన్న పళ్ళు తీయించుకునేటప్పుడు ప్రతిసారీ బీరువా తాళాలు పక్కింటావిడకి అప్పగించి, ఏ డబ్బాలో ఏముందో చెప్పి మరీ వెళ్ళింది, తిరిగొస్తానో రానో అని.

"నువ్వా?"

"నేనే. నా మాట నేనే చెప్పుకుంటాను. మీ సారాంశాలు నాకొద్దు."

*

డాక్టరమ్మ చిన్న వయసుది. ఓపిక మాత్రం పెద్దది. సొరుగు లాగితే లోపల వరసగా ట్రేలు, గుర్రపు లాడాల్లాగా. కింది దవడవి నాలుకకి చోటు వదిలి ఉన్నాయి. పై దవడవి మధ్యలో కూడా మూసుకుని, అంగిలి అంతా కప్పేలా ఉన్నాయి. ఒక్కోదానికీ ముందు చిన్న పిడి.

"అచ్చు తియ్యడానికి ముందు సరైన ట్రే వెతకాలమ్మా. చెప్పులు కొన్నట్టే" అంది డాక్టరమ్మ, రెండు కాళ్ళ కొలతముల్లుతో చిగుళ్ళ వెడల్పు చూస్తూ.

"చెప్పు కరిస్తే కాలికి పొక్కు వస్తుంది. ఇది కరిస్తే?"

"కరవడానికి దీనికి పళ్ళు లేవు, మీకూ లేవు. సరికి సరి."

మొదటి ట్రే ఇరుకైంది. రెండోది బుగ్గల్ని తోసేసింది. మూడోది చుట్టూ కాస్త చోటు వదిలి కుదురుగా కూర్చుంది. ఆ చోటులోకి అచ్చు తీసే ముద్ద వస్తుందని, చిగుళ్ళకి ట్రే ఆనుకుంటే అచ్చు సరిగా రాదని చెప్పింది డాక్టరమ్మ. కింది అచ్చు పేచీ లేకుండా వచ్చేసింది. పై దానికే వచ్చింది గొడవ.

గులాబిరంగు పొడిలో నీళ్ళు పోసి గిన్నెలో చకచకా కలుపుతుంటేనే పిడుగు వాళ్ళమ్మకి చెమటలు పట్టాయి. ఆ ముద్ద జారి గొంతులోకి దిగితే? అక్కడే గడ్డకట్టి రాయయిపోతే? ట్రే అంగిలికి అతుక్కుని ఇక రాకపోతే? నోట్లోంచి పిడి బయటికి పొడుచుకుని ఉండగా బస్సులో ఇంటికి వెళ్తున్నట్టు, టిక్కెట్టు ఎక్కడికని కండక్టరు అడుగుతుంటే చెప్పలేక చేతులూపుతున్నట్టు కళ్ళకి కట్టింది. ట్రే వెనక అంచు అంగిలి చివర తగిలిందో లేదో, కడుపులోంచి తన్నుకొచ్చింది. డాక్టరమ్మ వేలు చిగుళ్ళమధ్య ఇరుక్కుంది. ముద్ద సగం డాక్టరమ్మ చేతిమీద, సగం బేసిన్లో పడింది.

"పళ్ళు లేకపోబట్టి బతికిపోయాను" అంది డాక్టరమ్మ వేలు విదిలించుకుంటూ.

కాసేపాగి మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ అదే. ఈసారి పక్కన నిలబడ్డ తాళాలాయన చొక్కా కూడా ఖరాబైంది.

డాక్టరమ్మ విసుక్కోలేదు. అదే కొలత ప్లాస్టిక్ ట్రే ఒకటి కొత్తది తీసి చేతిలో పెట్టింది. "ఇంటికి తీసుకెళ్ళండి. ముద్ద లేకుండా ఉత్తదే నోట్లో పెట్టుకుని అలవాటు చేసుకోండి. కొద్దికొద్దిగా సేపు పెంచండి. గొంతుకి దీని పరిచయం కావాలి, అంతే. కుదిరాకే రండి."

*

ఆ ఇంట్లో అలాంటి నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. పిడుగు వాళ్ళమ్మ ట్రే పెట్టుకుని ఇల్లు ఊడ్చేది, బట్టలు మడతపెట్టేది, పిడి ముందుకి పొడుచుకుని ఉండగానే కూరలు తరిగేది. మొదట్లో పెట్టుకున్న మరుక్షణం కళ్ళనీళ్ళతో పెరట్లోకి పరుగు. కక్కుకోవడం, నోరు కడుక్కోవడం, మళ్ళీ పెట్టుకోవడం. "నీ అంతు చూస్తా" అని దాన్ని బెదిరించి మరీ పెట్టుకునేది.

పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసింది. "ఏంటి వదినా, చెంచా మింగావా?"

బదులు చెప్పడానికి లేదు. చెయ్యి తిప్పి లోపలికి నడిచింది.

"అన్నయ్యగారూ, దీన్ని ఎక్కడ అమ్ముతారో చెప్పండి, మా అత్తగారికొకటి తెస్తాను!"

తాళాలాయన నవ్వాడు గానీ, ఆ నవ్వు పైపైదే. ఆమె పెరట్లో గోడ పట్టుకుని వంగి ఉంటే, కళ్ళవెంట నీళ్ళు ధారలు కడుతుంటే, ఆయన లోపలికీ బయటికీ తిరిగేవాడు. "పోనీ మానెయ్యవే. నీ మాటలన్నీ పూసగుచ్చినట్టు నేనే చెప్తాను దానికి, పొద్దున్నే ఫోను చేసి" అన్నాడు.

ఆమె ట్రే బయటికి తీసింది. "మీరా? పెళ్ళిచూపుల నాడు మా నాన్న అంతసేపు మాట్లాడితే, మీ అమ్మకి మీరు చెప్పింది 'మంచివాళ్ళే' అన్న ఒక్క ముక్క." మళ్ళీ పెట్టేసుకుంది.

ఆ తర్వాత ఆయనలో ఒక మార్పు వచ్చింది. "ఇటియ్యి, ట్రే నేను కడిగి పెడతాలే" అని రోజూ సాయంత్రం పట్టుకెళ్ళేవాడు. తాగిన గ్లాసు జరిపి ఎరగని మనిషి. ఆమె ముందు అనుమానపడింది, ఈయనకి ఒంట్లో ఏదో పెద్దదే వచ్చి తనకి చెప్పకుండా దాస్తున్నాడేమోనని. అడిగితే, "ఏం, పెళ్ళాం వస్తువు కడిగితే తప్పా?" అన్నాడు. మెత్తబడింది.

సాధన కూడా దారిలో పడింది. ఇవాళకంటే రేపు సులువు, రేపటికంటే ఎల్లుండి సులువు. గొంతు లొంగిపోతోంది. కొన్నాళ్ళకి ట్రే పెట్టుకుని పొయ్యిమీద అన్నం ఉడికిందాకా కూర్చోగలిగింది. ఒక మధ్యాహ్నం దానితోనే కునుకు తీసింది. లేచి చూసుకుని తనే హడలిపోయింది, నిద్రలో మింగేసి ఉంటే ఏమయ్యేదని. ఆ వెంటనే నవ్వొచ్చింది.

"పదండి డాక్టరమ్మ దగ్గరికి" అంది. "కుదిరింది."

తాళాలాయన చెప్పులు వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

*

కుర్చీలో కూర్చుని ట్రే తనే నోట్లో పెట్టుకుని చూపించింది. చేతులు కట్టుకుని, గెలిచినదానిలా. డాక్టరమ్మ మెచ్చుకుంటూ అద్దంపుల్ల లోపలికి పెట్టి చూసింది. మెప్పు ఆగిపోయింది. ట్రే బయటికి తీసి, సొరుగులోంచి అదే కొలతది ఇంకొకటి తీసి, రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టింది.

"ఇదేంటమ్మా, వెనకవైపు కురచైపోయింది?"

నిజమే. కొత్తదానికి వెనక అంచు చిటికెన వేలిగోరంత బయటికి ఉంది. పాతదాని అంచు సాపుగా, నున్నగా అరిగి ఉంది. అలాంటి నునుపు పిడుగు వాళ్ళమ్మ జన్మంతా చూసింది. ఆకురాయి పట్టిన తాళంచెవి నునుపు అది.

తలతిప్పి చూసింది. తాళాలాయన గోడమీద పళ్ళు తోముకునే పద్ధతి బొమ్మని శ్రద్ధగా చదువుతున్నాడు.

"ఏమండీ."

"ఊఁ."

"కడిగి పెట్టారా?"

ఆయన గొంతు చిన్నదైంది. "రోజూ రవ్వంతే గీకాను. నువ్వలా గోడ పట్టుకుని ఏడుస్తుంటే చూడలేకపోయానే. తెలియకుండా తగ్గిస్తే..."

"తాళంచెవులు కూడా ఇలాగే గీకుతారా, తలుపుమీద జాలిపడి?"

ఆయన మళ్ళీ గోడమీది బొమ్మవైపు తిరిగాడు. డాక్టరమ్మ నవ్వు దాచుకుని అసలు సంగతి చెప్పింది. పై పళ్ళసెట్టు అంగిలికి కరుచుకుని నిలిచేది ఆ వెనక అంచు పట్టుమీదే. అక్కడ అచ్చు కురచైతే గాలి దూరుతుంది. అన్నం తినేటప్పుడు ఎలాగో సర్దుకోవచ్చు. నాలుగు మాటలు గట్టిగా మాట్లాడితే మాత్రం సెట్టు జారి కిందపడుతుంది.

"మాట్లాడితేనా?"

"మాట్లాడితేనే."

పిడుగు వాళ్ళమ్మ రెండు ట్రేలనీ చూస్తూ కూర్చుంది. గెలిచిన రోజులన్నీ ఆకురాయివే. తన గొంతు ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది. ఇది మాత్రం ఊహించలేదు. ఎప్పుడూ అంతే, తను భయపడినవి జరక్కపోతే, భయపడడం మరిచిపోయినవి జరుగుతాయి.

"ఇంకో ట్రే ఇస్తాను. తొందరేం లేదు, మళ్ళీ అలవాటు చేసుకుని..."

"తొందరుంది. పిల్ల కొండెక్కేస్తోంది" అంది ఆమె. "ఈ అచ్చయ్యాక ఇంకేముంది?"

"దీన్నిబట్టి మీ నోటికే సరిపడా ఒక ట్రే చేసి, దానితో ఇంకోసారి అచ్చు తియ్యాలి. ఆ తర్వాత పళ్ళు."

"ఇంకోసారి కూడానా!" ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది. "సరే. ఇవాళ ఇది తియ్యండి. పొడుగుదానితోనే. ఏమండీ, మీరు ఆ బేసిన్ పట్టుకుని ఇక్కడే నిలబడండి. ఈసారి జాలిపడ్డారా, ఊరుకోను."

డాక్టరమ్మ కుర్చీ నిటారుగా లేపింది. తల ముందుకి వంచమంది. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చమంది. "వెనకవైపు ముందు ఆనిస్తాను, తర్వాత ముందుది. మిగిలిన ముద్ద పెదాలవైపే వస్తుంది, గొంతులోకి రాదు. మీరు మనసుని ఇక్కడ ఉంచకండి. ఏదైనా ఇష్టమైనది తలుచుకోండి."

ఇష్టమైనవి తలుచుకోవడం ఆమెకి అలవాటు లేదు. చల్లటి ముద్ద అంగిలికి ఆనింది. వెనక అంచు ఇన్నాళ్ళూ ఏదీ తగలని చోట తగిలింది. గొంతు ఎగిసింది. కుర్చీ చేతుల్ని బిగించి పట్టుకుంది. మనసు తనకి తెలిసిన ఒకే ఒక్క చోటికి పారిపోయింది.

బస్సెక్కింది.

కొండదారి ఆమె ఎన్నడూ చూడలేదు. కూతురిని అడిగీ అడిగీ మలుపు మలుపూ కంఠతా పట్టింది. ఇదిగో డిపో గేటు. అద్దం తుడిచావుటే? ముక్కుతో గాలి. పెట్రోలు బంకు దాటింది, ఇక్కడ సైకిళ్ళు అడ్డం వస్తాయి, హారన్ కొట్టు. ఎత్తు మొదలైంది, గేరు తగ్గించు. గొంతు మళ్ళీ ఎగిసింది గానీ, ఎదురుగా లారీ వస్తుంటే గొంతు సంగతి ఎవరిక్కావాలి? ఎడమకి తీసుకో, ఇంకా ఎడమకి, అమ్మో లోయ, అంత ఎడమకి కాదే! పోయింది లారీ. మంచు. దీపాలు వెయ్యి. రోడ్డుమీద రాయి పడిందేమో చూసుకో. వెనకసీట్లో ఎవరో కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాడు, కండక్టరుతో చెప్పించు. చొంగ గడ్డంమీంచి బేసిన్లోకి కారుతోంది. తాళాలాయన బేసిన్ ఇంకాస్త దగ్గరికి జరిపాడు. ఆమెకి అవేవీ తెలియవు. కొండ ఎక్కేసింది, అసలు ప్రమాదమంతా దిగేటప్పుడే.

"గట్టిపడిందమ్మా. అయిపోయింది. నోరు వదులు చెయ్యండి, తీసేస్తాను."

పిడుగు వాళ్ళమ్మ చెయ్యెత్తింది. ఆగమని.

డాక్టరమ్మ కంగారుపడింది. "ఏమైంది? ఊపిరాడట్లేదా?"

కాదని తల అడ్డంగా ఊపింది. చెయ్యి దించలేదు. కళ్ళు మూసుకునే ఉంది. వేళ్ళు మాత్రం గాల్లో మెలికలు తిరుగుతున్నాయి, ఒక మలుపు, ఇంకో మలుపు. తాళాలాయన ఆ వేళ్ళని చూసి పోల్చుకున్నాడు.

"ఆగండి డాక్టరమ్మా" అన్నాడు మెల్లగా. "బస్సు కిందికి దిగుతోంది."

బస్సు దిగింది. అవతలి డిపోలో ఆగింది. హ్యాండు బ్రేకు పడింది. అప్పుడు పిడుగు వాళ్ళమ్మ నోరు తెరిచింది.

డాక్టరమ్మ అచ్చుని దీపం కిందికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూసింది. వెనక అంచు నిండుగా, ఎక్కడా బుడగ లేకుండా వచ్చింది.

*

కొండదారి మొదటిరోజు, తెల్లవారుతుండగా ఫోను మోగింది.

"నాన్నా, బయల్దేరుతున్నా."

"మీ నాన్న మార్కెట్టుకెళ్ళారు. నేనే. టైర్లు చూశావా? నాలుగూ కాదు, ఆరూ. దిగేటప్పుడు బ్రేకుమీదే కాలుంచకు, గేరుతో దించు. నిన్న రాత్రి నిద్రపోయావా? ఏమైనా తిన్నావా, తినకుండా అబద్ధం చెప్తున్నావా?"

అవతల డిపోలో ఏదో బస్సు హారన్ కొట్టింది.

"ఏమే, వినపడట్లేదా?"

"వినపడుతోందమ్మా. ముక్క ముక్కా అర్థమవుతోంది." పిడుగు నిట్టూర్చింది. "ఇన్నాళ్ళూ అర్థం కావట్లేదని హాయిగా పెట్టేసేదాన్ని. ఇప్పుడేం చెప్పి తప్పించుకోను?"

"తప్పించుకుంటావా? ఉండు, ఇంకా మంచు సంగతి చెప్పలేదు."

చెప్పింది. మంచు, రాళ్ళు, కిటికీలోంచి చేతులు, ఆ లారీ, అన్నీ. మధ్యలో ఒకచోట గొంతు కూడా పెంచింది. పై సెట్టు అంగుళం కాదు కదా, ఆవగింజంత కూడా కదల్లేదు.

"సరే, ఇక తియ్యి బండి" అంది చివరికి.

ఫోనులో ఇంజను అందుకున్న చప్పుడు వినిపించింది. పిడుగు వాళ్ళమ్మ వంటింట్లో స్టూలుమీద కూర్చుని, కళ్ళు మూసుకుని, డిపో గేటు దాటింది.